నల్ల పూత కింద

జూన్ 5, గురువారం

కాంటెస్సా కారు వచ్చింది. లాలాగూడలో మా షెడ్డు ముందు లారీ మీద నుంచి దాన్ని దించుతుంటే, వెనక చెత్తకుండీ పడకుండా వీడియో తీయమని విజయేందర్ తన మనిషికి చెబుతూనే ఉన్నాడు. బండి వయసు నాకంటే ఎక్కువ. ఎవరెవరి చేతుల్లోనో చక్రాల మీది రేకులు వెడల్పయ్యాయి, కప్పు కాస్త కిందికి దిగింది, ఒళ్లంతా మెరుపు లేని నల్లరంగు పడింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. తలుపు తీస్తే గుట్కా వాసన. తలుపు లోపలివైపు ఎర్రటి చారలు ఎండిపోయి ఉన్నాయి. వైర్లు ఆ తలుపులోంచే వెళ్తాయి కాబట్టి అది తుడిచేది నేనే.

పాత ఇంజిన్ తీసేసి టర్బో ఇంజిన్ పెట్టాలి. విజయేందర్ ప్లాట్లు అమ్ముతాడు, మిగతా సమయంలో కార్ల వీడియోలు చేస్తాడు. మాట్లాడినంతసేపూ అన్నయ్యతోనే మాట్లాడాడు.

"ఆషర్ అన్నా, వచ్చే నెల ఇరవైకి కార్ల షో ఉంది. గప్పటికి బండి ఉరకాలె."

"ఉరుకుతది. వైరింగ్, కంప్యూటర్ పని మా చెల్లె చూస్తది," అన్నాడు అన్నయ్య.

"మేడమ్‌కు టర్బో అంటే ఎరికేనా?" ఈ మాట కూడా అన్నయ్యనే అడిగాడు.

అన్నయ్య నవ్వాడు. పుణేలో నేను ఇంజిన్ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేదాన్నని చెప్పొచ్చు. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ ఉద్యోగాన్నీ, కట్టుకున్న మనిషినీ వదిలేసి వచ్చి ఏడాది దాటింది. పద్మారావు నగర్‌లో అన్నయ్య ఇంటి మీది గదిలో ఉంటున్నాను. అన్నం వదిన పెడుతుంది. అన్నయ్య మంచివాడే.

జూన్ 9, సోమవారం

పాత ఇంజిన్ దించాం. ఏసీ పెట్టె విప్పితే ఎలుకల గూడు. అన్నయ్య ముక్కు మూసుకుని బయటికి పోయి టీ తాగాడు. గూడు నేనే తీశాను. ఇంటికొచ్చి చేతులు ఎంత కడిగినా అన్నం ముద్ద నోటిదాకా తెచ్చేసరికి అదే వాసన.

జూన్ 17, మంగళవారం

కొత్త ఇంజిన్ వచ్చింది. వెనకనుంచి గుద్దుకుని నుజ్జయిన కారులోది. ముందు భాగానికి గీత కూడా పడలేదు. చాలాకాలం తర్వాత ఒక వస్తువును చూసి ముచ్చటేసింది. పొగ బయటికి పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం రెండో వైపు గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. వృథాగా పోయేదాంతోనే బలం తెచ్చుకునే యంత్రం. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు.

రెజిమెంటల్ బజార్ వెళ్లి కనెక్టర్లు, వైరు గొట్టాలు తెచ్చాను. రోజంతా తీగలు విడదీసి, చివరలకు గుర్తులు కట్టి, మళ్లీ అల్లాను. భోజనం సంగతే మర్చిపోయాను.

జూన్ 21, శనివారం

విజయేందర్ వీడియో పెట్టాడు. అన్నయ్య నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద నేను చేసిన మ్యాపు, ఇంజిన్‌కు ఎప్పుడెంత పెట్రోలు పోవాలో చెప్పే పట్టిక. "ట్యూనింగ్ మొత్తం నేనే చూస్కుంట. ఇది అందరితోని అయ్యే పని కాదు," అంటున్నాడు. ఒక్కచోట నా మోచెయ్యి కనపడింది. మిగతాది కత్తిరించేశారు.

మార్త వదిన రెండోసారి పెట్టుకుని చూసింది. "మీ అన్నయ్య ఎంత బాగా మాట్లాడాడో చూశావా హదస్సా," అంది.

చూశానన్నాను.

జూన్ 27, శుక్రవారం

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

ఇంజిన్ అమర్చడం నిన్ననే అయిపోయింది. ఇవాళ వైర్ల కట్టను బండి బరువు మోసే ఇనుప చట్రం, ఛాసిస్ వెంబడి బిగించడానికి బండి కిందికి దూరాను. క్లిప్పు కోసం చిన్న రంధ్రం చేయబోతే డ్రిల్లు ఆగకుండా లోపలికి జారిపోయింది. ఇనుము అడ్డుపడినట్టే లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాను. అదీ పిడిదాకా దిగింది. బయటికి లాగితే దాంతోపాటు పుట్టీ పెళ్లలు, గోనె ముక్క, నల్లగా నానిన పాత పేపరు ముద్ద వచ్చాయి. తుప్పు పట్టి మాయమైన ఇనుము చోట ఎవరో చెత్త కూరి, పైన పుట్టీ రాసి, నల్ల పూత కొట్టారు. కొంత నా ముఖం మీద పడింది. నోట్లోకి కూడా పోయింది.

అన్నయ్యను పిలిచాను. వంగి చూశాడు.

"పాత బండి గదా. తుప్పుండదా?"

"తుప్పు సుత లేదన్నయ్యా. ఇనుమే లేదు. కొత్త ఇంజిన్ కూసున్నది దీని మీదనే. స్టీరింగ్ బోల్టులు పట్టుకున్నది సుత దీన్నే. పాతదానికంటే రెండింతల బలమున్న ఇంజిన్ ఇది. ఊడొస్తది."

"అయితే ఏం జేయమంటవ్? కోసి కొత్తది కట్టాల్నంటే ఇంజిన్ మళ్ల దించాలె. ఇరవైకి షో ఉంది. పట్టీ ఏసి వెల్డింగ్ కొడత. జెర పరేషాన్ గాకు."

"పట్టీ దేనికి అతుకుతది? పుట్టీకా?"

అన్నయ్య లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "హదస్సా. నీ పని వైరింగ్."

జూన్ 28, శనివారం

నా పని వైరింగ్ వరకే.

జూలై 1, మంగళవారం

పట్టీ వేశాడు. ముందు ఆ రంధ్రంలోకి చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. రేకు ముక్క పెట్టి, అంచులు ఎక్కడ అతుక్కుంటే అక్కడ వెల్డింగ్ కొట్టి, గ్రైండర్‌తో నునుపు చేసి, కొత్త నల్ల పూత పూశాడు. పూత ఆరేలోపే వీడియో మనిషి వచ్చి కింద లైటు పెట్టి తీశాడు. "చూడండి, కింద సుత ఎంత నీట్‌గ చేసినమో," అని విజయేందర్ గొంతు. అన్నయ్య పక్కన నిలబడి తలూపాడు.

వైర్ల కట్టను ఆ పట్టీకి తగలకుండా దూరం నుంచి తిప్పాను. నా తీగలు దాని మీద ఆనడం నాకిష్టం లేదు. ఇంతకంటే నేను చేయగలిగిందేమీ లేదు. నిజంగానే లేదు.

జూలై 4, శుక్రవారం

ఇంజిన్ మొదటిసారి పలికింది. తాళంచెవి ఒక్కసారి తిప్పగానే. షెడ్డులో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎవరూ నావైపు చూడలేదు కాబట్టి నవ్వాను కూడా.

సాయంత్రం మౌలాలీ వైపు ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లాం. అన్నయ్య నడిపాడు, నేను పక్కన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టర్బో అందుకోగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. నాకు బాగుంది. దాచడమెందుకు, చాలా బాగుంది. ఇంకొంచెం తొక్కమని నేనే అన్నాను.

అన్నయ్య బ్రేకు వేసినప్పుడు కాళ్ల కింద టక్‌మని చప్పుడు. మళ్లీ వేస్తే మళ్లీ టక్. స్టీరింగ్ ఎడమకు లాగింది.

"విన్నవా?" అన్నాను.

అన్నయ్య పాటల సౌండు పెంచాడు.

జూలై 8, మంగళవారం

బండి అప్పుడే అమ్ముడుపోయిందట. షో అయిపోయిన సాయంత్రమే అప్పగింత. కొనేది వేణుమాధవ్, టైల్స్ షాపు ఆయన. చిన్నప్పుడు వాళ్ల మేనమామకు కాంటెస్సా ఉండేదట. బండి చుట్టూ తిరుగుతూ బానెట్‌ను గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు. ఆయన భార్య సృజన, ఆరేడేళ్ల పాప కూడా వచ్చారు. పాప వెనక సీటెక్కి గెంతింది.

విజయేందర్ ఆయనకు టర్బో గురించి చెబుతుంటే సృజన నా దగ్గరికి వచ్చింది. షెడ్డులో ఇంకో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

"అక్కా, వెనక సీటుకు బెల్టులు లేవు. పెట్టిస్తరా? వానలు తగ్గినంక శ్రీశైలం పోదామంటుండు మా ఆయన. అంతా ఘాట్ రోడ్డు గదా."

"పెట్టిస్తమమ్మా," అన్నాడు అన్నయ్య అటునుంచి.

అన్నయ్య వైపు ఆమె చూడలేదు. నన్నే చూస్తోంది. మెల్లగా అడిగింది. "మీరు చేసిన్రు గదా అక్కా. చెప్పుండ్రి. బండి మంచిదేనా?"

"ఇంజిన్ చాలా బాగుంది," అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. నా చెయ్యి నొక్కి వెళ్లింది.

అబద్ధం చెప్పలేదు. ఇంజిన్ నిజంగానే చాలా బాగుంది.

జూలై 9, బుధవారం

అబద్ధం చెప్పలేదు.

జూలై 10, గురువారం

వదిన చేపల పులుసు పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆ పేపరు ముద్ద గుర్తొచ్చింది. పైకి వెళ్లి కక్కుకున్నాను. కడుపులో ఏమీ లేకపోయినా వాంతి ఆగలేదు. "ఇంజిన్ చాలా బాగుంది" అన్నప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు వినిపిస్తూనే ఉంది. మెత్తగా, నమ్మకంగా. అన్నయ్య వీడియోలో మాట్లాడినట్టే ఉంది.

జూలై 13, ఆదివారం

బోనాలు కదా, రోడ్లు మూసేశారు. చర్చి నుంచి నడిచే వచ్చాం. భోజనాల దగ్గర అన్నాను, బండి అప్పగించొద్దని.

"మళ్ల షురూ జేసినవా?" అన్నాడు అన్నయ్య.

"వాళ్లు పాపను ఎక్కించుకుని ఘాట్ రోడ్డుకు పోతరు అన్నయ్యా. మొన్న ఆ చప్పుడు నువ్వు సుత విన్నవ్."

"నేనేం వినలే."

"సౌండెందుకు పెంచినవ్ మరి?"

అన్నయ్య కంచంలోంచి చెయ్యి తీశాడు. "బయటోళ్ల ముందట నన్ను పలచన జేయకు. గీ ఒక్క బండి పేరుతోని షెడ్డుకు నాలుగు బండ్లొస్తయ్. నేను బాగుపడుడు నీకు తక్లీఫైతున్నదా?"

వదిన నాకు మజ్జిగ పోసింది. ఆమె గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఆయన మాట కాదంటే ఎలాగమ్మా. అందరం ఒక ఇంట్లో ఉండాల్సినవాళ్లం కదా. నీకు మాత్రం ఇంకెక్కడుంది చెప్పు."

మజ్జిగ తాగాను. తాగినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

జూలై 16, బుధవారం

విజయేందర్‌కు తెలియదేమో అనుకున్నాను. తెలిస్తే తనే ఆపుతాడనుకున్నాను. ఇన్నాళ్లూ ఆ ఒక్క ఆశ ఉన్నట్టుంది. ఇవాళ ఒంటరిగా దొరికాడు. కింద చూపిస్తా రమ్మన్నాను. తెల్ల ప్యాంటు చూసుకుని, వంగలేదు.

"ఆ పట్టీ కింది సంగతా? నాకెరికే మేడమ్. కొన్ననాడే ఎరికే. నేను కొన్నప్పుడు సుత ఎవలో పూత పూసి ఇచ్చిన్రు. నేనేమన్న ఏడ్సిన్నా?"

"మనుషులు చచ్చిపోతరు."

"గిన్ని దినాలు నేను నడపలే? నేను సచ్చిన్నా? బండి కింద పండుకొని ఎవలు చూస్తరు మేడమ్. పైన మెరిస్తే సాలు." నా వైపు చూడటం అదే మొదటిసారి. "మీరు మస్తు కష్టపడ్డరు. ఆఖరి వీడియోల మీ పేరు సుత ఏస్త తియ్యి."

ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆ వీడియోలో నా పేరు ఎలా కనబడుతుందో ఊహించుకున్నాను.

జూలై 19, శనివారం

పొద్దున్నే వదిన లేవకముందే షెడ్డు తాళంచెవి తీసుకుని వెళ్లాను. ఇవాళ వేణుమాధవ్ వాళ్లు బండిని చివరిసారి చూసుకోవడానికి వస్తారని తెలుసు. ఫోన్ చేసి చెప్పొచ్చు. చెబితే అన్నయ్య వచ్చి నవ్వుతాడు. "మా చెల్లెకు ఇంటి పరేషాన్లున్నయ్ సార్, మనసు బాగలేదు," అంటాడు. వాళ్లు నమ్ముతారు. నేనైనా నమ్ముతాను.

బండి ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని గ్రైండర్ పట్టుకుని కిందికి దూరాను. పూత కాలి పొగ వచ్చింది, గొంతు పట్టేసింది. పట్టీ మూడు వైపులా కోసేసరికి నాలుగో వైపు దానంతటదే ఊడి పడింది. వెల్డింగ్ అతుక్కున్నది అంతే. దాని వెనక నుంచి తుప్పు టీ పొడిలా రాలింది. గోనె, పేపరు, పుట్టీ అలాగే ఉన్నాయి, వాన నీళ్లు పీల్చుకుని ఉబ్బాయి. అన్నీ కనబడేలా వదిలేసి, లైటు కిందికి తిప్పి, స్టూలు మీద కూర్చున్నాను.

అన్నయ్య వచ్చాడు. కింద పడిన పట్టీని చూశాడు. చెయ్యి లేపాడు. కొట్టలేదు. అప్పటికే గేటు దగ్గర వేణుమాధవ్ కారు ఆగింది.

వేణుమాధవ్ కింద కూర్చుని చూశాడు. అన్నయ్య ఏదో చెప్పబోయాడు. "ఇది చిన్న రిపేర్ సార్, మా చెల్లె జెర..."

సృజన ఆ మాట పూర్తి కానివ్వలేదు. చీర కొంగు నడుముకు దోపి, నేల మీద చెయ్యి ఆన్చి, ఆ సందులో వేళ్లు పెట్టి గోనె ముక్క లాగింది. అది ఆగకుండా వస్తూనే ఉంది. ఆమె అరచేయి నల్లగా అయింది. చెయ్యి దూరంగా పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"మొన్న నేనడిగిననాడు నీకెరికేనా?"

"ఎరికే."

"నా పాప సీట్ల గెంతుతుంటే చూసినవ్."

"చూసిన."

వేణుమాధవ్ ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు, అన్నయ్య వద్దంటున్నాడు. సృజన పంపు దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కుంది. తిరిగొచ్చేటప్పుడు నా పక్కనుంచి రావాలి. కుచ్చిళ్లు దగ్గరికి పట్టుకుని, నాకు తగలకుండా వెళ్లింది.

కృతజ్ఞత ఏదైనా ఉంటుందనుకున్నానా? అనుకున్నాననే రాస్తున్నాను, ఇక్కడైనా నిజం ఉండాలి కాబట్టి. గ్రైండర్ పట్టుకున్నప్పుడు నన్ను నేను చాలా గొప్పగా చూసుకున్నాను.

ఇంటికెళ్లి బట్టలు సర్దుకున్నాను. వెళ్లమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. వదిన మెట్ల దగ్గర నిలబడి, "ఇంత పని చేస్తావనుకోలేదు హదస్సా," అంది.

జూలై 20, ఆదివారం

లాలాగూడలో లేడీస్ హాస్టల్. గదిలో ఇంకో ఇద్దరు. దిండు నూనె వాసన. షోకు కాంటెస్సా వెళ్లలేదు.

జూలై 26, శనివారం

అన్నయ్య హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి మగవాళ్లను రానివ్వరు, రోడ్డు మీదే మాట్లాడాం. గడ్డం గీసుకోలేదు.

వేణుమాధవ్ తీసిన ఫొటోలు పాత కార్లవాళ్ల గ్రూపులో పెట్టాడట. ఇక ఆ బండిని ఎవరూ కొనరు, కింద పూర్తిగా విప్పి కొత్త ఇనుము కట్టి చూపిస్తే తప్ప. విజయేందర్ రోజూ ఫోన్ చేసి తిడుతున్నాడట, వేరే వాడితో పట్టీ వేయిస్తానన్నాడట. వేరే వాళ్లు కూడా ఆ ఫొటోలు చూశారు, ఎవరూ ముట్టుకోవడం లేదు.

"చివరికి సరిగ్గనే చేయమన్నడు. ఇంజిన్ దించాలె," అన్నాడు అన్నయ్య. "వైరింగ్ నువ్వే ఇప్పాలె. ఇంకెవలకు సమజైతలేదు."

పాప సంగతి కాదు. ఘాట్ రోడ్డు కాదు. ఫొటోలు. సరైన పని జరగబోతోంది, జరిపించేవాళ్లలో ఒక్కరికీ సరైన కారణం లేదు. అయినా జరుగుతుంది.

"వస్త," అన్నాను. "కానీ ఆ కూరిందంతా నువ్వే తియ్యాలె. నీ చేతులతోని. తొడుగు లేకుండ."

"ఎందుకు?"

"నేను తీసిన. ఆ సృజన తీసింది. నువ్వొక్కనివే ఇంకా తియ్యలే."

జూలై 29, మంగళవారం

తీగలు విప్పడం నిన్న పూర్తయింది. ఇవాళ మధ్యాహ్నానికి ఇంజిన్ దిగింది. దాన్ని శుభ్రంగా తుడిచి దుప్పటి కప్పాను. తప్పంటూ లేనిది ఆ షెడ్డులో అదొక్కటే.

అన్నయ్య పట్టీ ఊడిన చోట చెయ్యి పెట్టాడు. మొదట రెండు వేళ్లు. తర్వాత మణికట్టు దాకా. గోనె వచ్చింది, పేపరు వచ్చింది, ఎవరిదో పాత లుంగీ సగం వచ్చింది. చివర్లో నల్లగా జారే ముద్ద, దాంట్లో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. అన్నయ్య దాన్ని చేతిలో పట్టుకుని చూశాడు. ఒక్కసారిగా వదిలేసి బయటికి పరిగెత్తాడు. గోడకు చెయ్యి ఆనించి కక్కుకోవడం వినపడింది.

వెళ్లి వీపు నిమరలేదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే తను నిమిరేవాడు. నా చెయ్యి లేవలేదు.

పంపు దగ్గర చాలాసేపు కడుక్కుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. క్షమించమని అంటాడేమోనని భయమేసింది. అనలేదు.

"పట్టీ ఏసేటప్పుడు నేను లోపల చూడలే," అన్నాడు. "చూస్తే ఎయ్యకపోతుంటి."

"అందుకే చూడలే."

"అటుపక్క సుత గిట్లనే ఉంటదా?"

"నాకెరికలే. ఎవలూ చూడలే."

అన్నయ్య బల్ల మీద నుంచి సుత్తి తీసుకుని, నేల మీద వెల్లకిలా పడుకుని, బండి రెండో వైపు కిందికి జరిగాడు. నల్ల పూత మీద కొట్టాడు. పెళ్లలు అతని మెడ మీద, చొక్కా లోపలికి రాలుతున్నాయి. ఈసారి బయటికి రాలేదు.

"లైటు పట్టు," అన్నాడు.

పట్టాను. అన్నయ్య ముఖం చూడాలంటే నాకింకా కంపరంగానే ఉంది. అదృష్టవశాత్తూ బయటికి కనబడుతున్నవి కాళ్లే.